అరవై నంబరు గింజ

ముందు రాయిని నాలుకతో చూడాలంటాడు బంగారయ్య మేస్త్రి.
యారాడ ఒడ్డున తడిగా మెరిసిన రాయి
ఆటో దిగేసరికి బూడిద ముద్దయిపోతుంది.
నాకితే కాసేపు మళ్ళీ బతుకుతుంది.
"ఆ తడి ఆరకుండా నిలబెట్టడమేనమ్మా పని.
మిగతాదంతా కరెంటు ఖర్చు."

మా డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో
పాత వాషింగ్ మెషిన్ మోటారు, రెండు రోలర్లు,
లోపల రబ్బరు అతికించిన పెయింటు డబ్బా.
పగలూ రాత్రీ గరగర.
కింది వాటా వరహాలమ్మ గారు మూడోనాడు మెట్లెక్కొచ్చి
"ఏటమ్మా, రాత్రంతా రుబ్బుతున్నారు, ఇంట్లో పెళ్ళేటైనా ఉందా?"
గుప్పెడు గులకరాళ్ళు చూపించాను.
ముక్కున వేలేసుకుని దిగిపోయింది.

ఏరడంలోనే సగం ఉంది.
ఎర్రచుక్కల కొండరాయి చూపుకి బాగుంటుంది,
డబ్బాలో రెండోనాటికే నానిన రస్కులా విడిపోతుంది.
పలుగురాయి పలుగురాళ్ళతోనే తిరగాలి.
మెత్తనిదాన్ని గట్టిదాని పక్కన పడుకోబెడితే
తెల్లారేసరికి మెత్తనిది ఉండదు.

గరుకు పొడి కొనక్కర్లేకపోయింది.
అల్లిపురంలో మొజాయిక్ గచ్చులు పాలిష్ పట్టిన రోజులనాటి
కార్బొరండం ఆయన దగ్గర గోనెసంచుల్లో ఇంకా ఉంది.
టైల్స్ వచ్చాక వాటి మూతి ఎవరూ విప్పలేదు.
చిటికెడు తీసి, బొటనవేలితో నలిపి,
చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.
"అరవై నంబరు కసురుకుంటది.
నూట ఇరవై గొణుగుతది.
మూడొందల ఇరవై ఊసులాడతది.
ఆపైది చెవికందదు, చెంపకి రాసుకుని చూడాల."

అరవైతో ఎనిమిది రోజులన్నాడు.
నేను ఆగలేక ఆరోనాడే తీశాను.
గుంటలు గుంటల్లాగే ఉన్నాయి.
"ఇప్పుడు పోని గుంట ఇంకెప్పుడూ పోదు.
పైన ఎంత మెరుగెడితే అంత ఎగిరి కనబడతది."
మళ్ళీ మూత బిగించాను.

మధ్యమధ్య మూత వదులు చేసి గాలి తీసేదాన్ని.
రాళ్ళు ఒకదాన్నొకటి పగలగొట్టుకోకుండా
తెగిన హవాయి చెప్పులు ముక్కలు కోసి వేసేదాన్ని.
కడిగిన నీళ్ళు తూములో పొయ్యకూడదు, సిమెంటై కూచుంటాయి.
గోడ పక్క గోతిలో పోస్తే
ఎండకి నున్నగా బిగిసిన ఆ బూడిద రంగు మీద
ఒక గోరింక అటు నించి ఇటు నడిచి వెళ్ళింది.

ఆఖరి పొడి సీరియం. లేత గులాబీ రంగు.
డాబాగార్డెన్స్‌లో కళ్ళద్దాల కొట్టు సుభానీ గారు
అగ్గిపెట్టెడు కొలిచి పొట్లం కట్టిచ్చారు.
"అద్దాలకి పట్టేదే. రాళ్ళకి చూపొస్తే చెప్పమ్మా."

పది రోజులు. ఆదివారం మూత తీశాం.
మెరుపు వచ్చింది.
మెరుపు నిండా గీతలు.
ఏ రాయి తీసినా, సన్నగా, వెంట్రుకంత.
వెతికితే, డబ్బా అంచు కింద రబ్బరు మడతలో
దాక్కుని ఉంది ఒక్క అరవై నంబరు గింజ.
గోటితో గీకి అరచేతిలో వేసి చూపించాను.
చీమ తల కన్నా చిన్నది.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.
హార్బరు వైపు నించి ఓడ కూత ఒకటి వచ్చి పోయింది.
"మహారాణిపేటలో ఓ డాక్టరు గారి హాలు.
నలుపూ తెలుపూ చిప్సు. ఆఖరి చెయ్యి పట్టేక
గుమ్మం కాణ్ణించి కిటికీ దాకా ఇలాగే గీతలు.
మా తమ్ముడి కాళ్ళతో వచ్చిందన్నాను, కూలోళ్ళందరి ముందూ.
పోతురాజు మాటాడ్డం మానేసి పంతొమ్మిదేళ్ళు.
దూరమేటి కాదు, గాజువాకలోనే ఉన్నాడు.
ఆ రోజు బకెట్టు కడగంది నాను."

నేనేమీ అడగలేదు.
గీతలు పడ్డ రాయి ఒకటి పంచెతో తుడిచి
చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగాడు.
బస్టాపు వైపు తిరిగాడో ఇంటి వైపు తిరిగాడో
ట్యాంకు అడ్డమొచ్చి కనబడలేదు.

మూడొందల ఇరవై నించి మళ్ళీ మొదలెట్టాలి.
డబ్బా కడిగాను. మూత కడిగాను.
పళ్ళు తోముకునే బ్రష్షుతో మడతలు కడిగాను.
అడుగున మిగిలిన తడి వేళ్ళ మధ్య నలిపి
చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఏమీ వినబడలేదు.
మళ్ళీ కడిగాను.